టేపుతో కొలిస్తే బోరు తగువు తెగుతుందా?

మా చిన్నాయన జమ్మలమడుగు దగ్గర పోయిన వేసవిలో రెండు బోర్లు వేయించాడు. మొదటిది వట్టి దుమ్ము. పదడుగులు జరిగి వేసిన రెండోదాంట్లో నీళ్ళు పడ్డాయి. వారం తిరక్కముందే మూడు చేల అవతలి వాళ్ళ బోరు ఆగిపోయింది. ఇంకేముంది, పంచాయితీ! పెద్దమనుషులు టేపు పట్టి కొలిచి, 'ఇంత దూరంలో దానికీ దీనికీ సంబంధం ఉండదు' అని తేల్చేశారు. ఆ బోరు కోసం వాళ్ళు ప్రొద్దుటూరులో కుదువబెట్టిన గాజులు ఇంకా అక్కడే ఉన్నాయి.

సంబంధం ఎందుకుండదండీ? మన నాపరాయి ఇసుక కాదు. రాయిలో చోటు దాదాపు సున్నా, నీళ్ళుండేదంతా నెర్రెల్లోనే. వాననీటిలో కలిసే కార్బన్ డయాక్సైడ్ సున్నపురాయిని కరిగిస్తూ నెర్రెను పెద్దది చేస్తుంది. నమ్మకపోతే బెలుం గుహలు చూసి రండి, 3229 మీటర్లు నీళ్ళు తొలిచినవే. నెర్రె వెడల్పు రెండింతలైతే, మిగతావన్నీ అలాగే ఉంటే, పారే నీళ్ళు ఎనిమిదింతలు! మన భాషలో చెప్పాలంటే ఇది గ్రిడ్ కాదు, గ్రాఫ్. ఎంత దూరమన్నది కాదు, ఎడ్జ్ ఉందా లేదా అన్నదే లెక్క.

చమురు కంపెనీలకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. సున్నపురాయిలో చమురును తొయ్యడానికి నీళ్ళు పంపితే, ఆ నీళ్ళు నెర్రె పట్టుకుని ముందే బావిలో తేలతాయి, చమురేమో సన్న రంధ్రాల్లో ఉండిపోతుంది. అందుకే రాతికొక లెక్క, నెర్రెకొక లెక్క వేసే మోడల్ 1960ల నుంచీ వాడుతున్నారు. రైతుకు మాత్రం అరచేతిలో టెంకాయ! చట్టమేమో (2002 నాటి వాల్టా) తాగునీటి బావికి 250 మీటర్ల లోపు మోటారు బోరు వెయ్యొద్దంటుంది. ఏమీ లేనిదానికన్నా నయమే, కానీ నెర్రెకు ఆ చట్టం తెలీదుగా.

బోరు ఎండితే పోయేది డబ్బు. పులివెందుల పక్కన తుమ్మలపల్లెలో అలా కాదు. అక్కడ యురేనియం ఉన్నది వేంపల్లె డోలమైటులో, అదీ కార్బొనేటు రాయే. వ్యర్థాల చెరువు పక్కన కె.కె. కొట్టాల రైతులు బోరు నీళ్ళు చెడిపోయాయని ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. ఒక బోరు నీళ్ళు బాగున్నాయని రిపోర్టు చూపిస్తే పక్క బోరు సంగతి తెలిసిపోతుందా? ఒక యూనిట్ టెస్ట్ పాసైందని రిలీజ్ చేసే మేనేజరు గుర్తొస్తాడు నాకు.

చేయాల్సింది బ్రహ్మవిద్యేం కాదు. సున్నపురాయి ప్రాంతాల్లో నీళ్ళలో ఫ్లోరెసిన్ రంగు కలిపి ఎక్కడ తేలుతుందో చూడటం పాత పద్ధతే. చెరువు చుట్టూ అలాంటి పరీక్ష పెట్టండి, ఒక్క వేసవిలో కాదు, వానలు పడ్డాక కూడా. ఏ బోరులో ఏం తేలిందో బోరువారీగా ఊళ్ళో గోడమీద తెలుగులో రాయండి.