ట్రాన్స్‌ఫార్మర్ వయసు ఎవరు లెక్కపెడుతున్నారు?

లండన్‌లోని హీత్రూ ఎయిర్‌పోర్టు 2025 మార్చి 21న దాదాపు రోజంతా మూతపడింది. ముందురోజు రాత్రి నార్త్ హైడ్ సబ్‌స్టేషన్‌లో ఒక ట్రాన్స్‌ఫార్మర్ తగలబడటమే కారణం. వెయ్యికి పైగా విమానాలపై ప్రభావం పడింది. కుట్రేమోనని మొదట్లో అనుమానాలొచ్చాయి. జూలైలో వచ్చిన విచారణ నివేదిక మాత్రం, బుషింగ్‌లోకి తేమ చేరడమే కారణమై ఉంటుందని తేల్చింది. నూనె శాంపిల్‌లో ఆ తేమ 2018 జూలైలోనే కనబడింది. అయినా చేయాల్సిన రిపేరు జరగలేదు.

ట్రాన్స్‌ఫార్మర్‌కి వయసు మీదపడేది ఇనుములో కాదు, లోపలి తీగలకు చుట్టిన కాగితంలో. నూనెను వడకట్టొచ్చు, మార్చొచ్చు. కాగితం ఒకసారి పెళుసుబారితే మళ్లీ మామూలు కాదు. మామూలు రకం కాగితానికి 98 డిగ్రీలు దాటాక, వేడి 6 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఆయుష్షు సగమవుతుందని అంతర్జాతీయ ప్రమాణాల లెక్క. తేమ చేరితే ఇంకా త్వరగా.

అకౌంట్స్ పుస్తకంలో తరుగుదల ఏటా ఒకేలా రాసుకోవచ్చు. అసలు తరుగుదల అలా ఉండదు. లోడ్ మించి నడిపిన ఎండాకాలం, మామూలు ఏడాది కంటే ఎక్కువ ఆయుష్షు తినేస్తుంది.

మన బస్తీల్లో కరెంటు పోతే "ఎప్పుడొస్తుంది భాయ్?" అని ఫోన్ చేస్తాం. మన సబ్‌స్టేషన్‌లో ఆయిల్ టెస్ట్ చివరిసారి ఎప్పుడు చేశారు, రిపోర్టులో ఏమొచ్చింది, ఆ తర్వాత ఏం చేశారు? ఇవి కూడా అడగాలి. 2005 సమాచార హక్కు చట్టం ఆ వీలు ఇస్తోంది. లండన్‌లో టెస్ట్ జరిగింది. జరగనిది ఆ తర్వాతి పనే.