సూపర్ సరే, అది ఏ ఊరు?

ఫొటోలు పంచుకునే సైటు ఏదైనా తెరిచి గోదావరి అని వెతికితే, పొద్దు వాలే వేళ తీసిన నది ఫొటోలు వరసగా దిగుతాయి. నచ్చినదాని మీద నొక్కితే కింద కామెంట్లు: సూపర్, వావ్, నైస్ క్లిక్ బ్రో, రెండు దండాలు, నాలుగు గులాబీలు. ఆ రేవు ఏదో, అవతలి గట్టున కనిపించే గోపురం ఏ గుడిదో, ఫొటో ఏ ఏడాది తీసిందో మాత్రం చాలాసార్లు ఎక్కడా ఉండదు. తీసినవారు రాయరు, చూసినవారు అడగరు. మెచ్చుకోవడంలో తప్పేమీ లేదు. మంచి ఫొటోకి మంచి మాట దక్కాల్సిందే. కానీ కామెంటు, ట్యాగు, గ్రూపు అంటూ ఆ సైట్లు నలుగురి కోసం అమర్చిన సరంజామా మొత్తాన్ని మనం చప్పట్లు కొట్టడానికే ఖర్చుపెడుతున్నాం. తీసినవారికి తెలియని సంగతి చూసేవారిలో ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది. అది అక్కడే చెప్పి వెళ్లడానికి కూడా ఆ సరంజామా పనికొస్తుంది. అలా వాడినచోట అది ఒక పెద్ద గ్రంథాలయం రికార్డులనే మార్చింది.

ఈ పద్ధతిని జనానికి అలవాటు చేసిన సైట్లలో ముందు చెప్పుకోవాల్సింది ఫ్లికర్. 2004లో కెనడాలోని వాంకూవర్‌లో స్టూవర్ట్ బటర్‌ఫీల్డ్, కాటరినా ఫేక్ దంపతుల చిన్న సంస్థ లూడికార్ప్ దాన్ని మొదలుపెట్టింది. వాళ్లు నిజానికి కట్టబోయింది ఆన్‌లైన్‌లో పదిమంది కలిసి ఆడే ఆట. ఆట ముందుకు సాగలేదు. దానికోసం తయారుచేసిన పనిముట్లలోంచి ఫొటోల సైటు పుట్టింది. అందుకేనేమో అది ఫొటోలు దాచుకునే బీరువాలా కాక, మొదటినుంచీ నలుగురు చేరే అరుగులా నడిచింది. అందులో నోట్సు అనే సదుపాయం ఒకటుంది. ఫొటో మీద మౌసుతో చిన్న గడి గీసి, ఆ గడిలో పడిన వస్తువు గురించి నాలుగు ముక్కలు రాయొచ్చు. బాణం గుర్తు ఆ గడి మీదికి వెళ్లినప్పుడే రాత పైకి తేలుతుంది, లేకపోతే ఫొటో ఫొటోలాగే ఉంటుంది. పాత బజారు ఫొటోలో ఒకరు దుకాణం బోర్డు చుట్టూ గడి గీసి పేరు చదివి పెడతారు. ఇంకొకరు మూలన ఆగిన బండి చుట్టూ గీసి అది ఏ కాలం నాటిదో చెబుతారు. సైటుకు కొత్త రంగులు వేసే ఉత్సాహంలో మధ్యలో ఒకసారి దీన్ని తీసేశారు. వాడేవాళ్లు గోలపెట్టాక తిరిగొచ్చింది. లైకు బటన్ తీసేసి ఉంటే గోల ఇంకా పెద్దదయ్యేది, పోయేది మాత్రం అంత ఉండేది కాదు.

ఇక రుజువు సంగతి. 2008 జనవరిలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఫ్లికర్‌తో కలిసి 'ద కామన్స్' అనే విభాగాన్ని ప్రారంభించి, సుమారు మూడు వేల పాత ఫొటోలను అందులో పెట్టింది. వాటిలో ఒక భాగం 1910ల నాటి బెయిన్ వార్తాసంస్థ గాజు నెగెటివ్‌లు. వాటికి ఉన్న వివరమల్లా ఆ సంస్థవాళ్లు హడావుడిలో గాజు పలక మీదే గీకిన రెండు మూడు మాటలు. ఒక ఇంటిపేరు ఉంటే మనిషి ఎవరో తెలియదు, ఊరి పేరు ఉంటే తేదీ ఉండదు. గ్రంథాలయం వాటిని అలాగే పెట్టి, తెలిసినవారు చెప్పండి అంది. జనం పాత పత్రికల సంచికలు తవ్వారు; ఆ ఫొటో ఏ రోజు ఏ సంఘటనదో వార్తతో సహా తెచ్చి కింద పెట్టారు. ఆ ఏడాది అక్టోబరు నాటికి గ్రంథాలయం వేసిన లెక్క ఇది: 4,615 ఫొటోలు, 67,176 ట్యాగులు, 7,166 కామెంట్లు, కోటికి పైగా చూపులు. అసలు లెక్క వీటి తర్వాతది. జనం చెప్పిన సమాచారంతో గ్రంథాలయం తన సొంత క్యాటలాగులో 500కు పైగా రికార్డులను సవరించుకుంది. అంటే దాదాపు తొమ్మిది ఫొటోలకు ఒకటి. జీతమిచ్చి నియమించుకున్న నిపుణులున్న సంస్థకే దారిన పోయేవారు తొమ్మిదింట ఒకదానికి కొత్త సంగతి చెప్పగలిగారు. నిపుణుడి ముఖమే చూడని మన ఊళ్ల ఫొటోలకు ఎంత చెప్పగలరో ఊహించుకోవచ్చు.

ఎవరు పడితే వారు ఏది పడితే అది రాస్తే చరిత్ర కలగాపులగం కాదా అన్న అనుమానం సహజం. వాట్సాప్‌లో తిరిగే 'అరుదైన ఫొటో'ల సంగతి తెలిసినవారెవరికైనా వస్తుంది. ఆ గ్రంథాలయం చేసిందేమిటంటే, జనం రాసినదాన్ని తీసుకెళ్లి నేరుగా క్యాటలాగులో అతికించలేదు. సిబ్బంది సరిచూసుకున్నాకే మార్చారు. అసభ్యంగా ఉందని తీసేయాల్సి వచ్చిన సందర్భాలు అన్ని నెలల్లో పాతిక కూడా లేవు. అయితే ఇందులో పాతిక కంటే ముఖ్యమైనది కామెంటు స్వభావమే. అది రాసినవారి పేరుతో, తేదీతో ఫొటో కిందే నిలబడి ఉంటుంది; నలుగురూ చదివే చోట తప్పు రాస్తే ఐదోవారు పట్టుకుంటారు. ఫార్వర్డు మెసేజీకి ఆ ఊరూ పేరూ ఉండవు, పట్టుకున్నవారు సరిదిద్దినా ఆ దిద్దుబాటు వెనక్కి ప్రయాణించదు. ఒప్పుకోవాల్సింది ఒకటుంది. పదిమంది చూపు పడని ఫొటో కింద తప్పు ఏళ్ల తరబడి దర్జాగా కూర్చోగలదు. అందుకే సమాచారం ఇచ్చేవారు అది తమకెలా తెలుసో కూడా ఒక ముక్క కలపాలి. 'ఈ మండపం కాకతీయుల నాటిది' అనడం వేరు, 'అని ఊళ్లో అంటారు' అనడం వేరు, 'అక్కడి శాసనం పలక మీద ఉంది' అనడం వేరు. మూడూ ఉపయోగపడేవే, కాకపోతే మూడింటి బరువు ఒకటి కాదు.

గ్రూపుల్లో జరిగేది మరో తంతు. ఒకే అభిరుచి ఉన్నవారు ఒకచోట చేరడానికి పెట్టినవి గ్రూపులు: పక్షులు, పాత రైలు స్టేషన్లు, మెట్ల బావులు. వాటిలో పెద్దవాటికి వెళితే గుమ్మంలోనే నిబంధన కనిపిస్తుంది: ఒక ఫొటో పెడితే రెండింటికి కామెంటు రాయాలి. రాయకపోతే నిర్వాహకులు ఫొటో తీసేస్తారు. దాంతో జనం ఏం చేస్తారు? తళుకుల బ్యాడ్జీ బొమ్మను ముందే కాపీ చేసి పెట్టుకుని, కనిపించిన రెండు ఫొటోల కింద అతికించి, తమది పెట్టి వెళ్లిపోతారు. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం. వాయనంలో కనీసం శనగలైనా ఉంటాయి, ఇందులో చూపు కూడా ఉండదు. ఈ గ్రూపుల వల్లే కొత్తవారికి ప్రోత్సాహం దొరుకుతుందనే వాదన ఉంది. కొంత నిజమే, మొదటి ఫొటోకి ఒక్క పలకరింపూ లేకపోతే రెండోది పెట్టబుద్ధి కాదు. కాని నిబంధన కోసం వచ్చిన మెప్పు అని తెలిశాక ఆ మెప్పుకు రుచి పోతుంది. మెట్ల బావుల గ్రూపులో ఒకరు 'ఇది ఇప్పుడు పూడిపోయిందా, నీళ్లున్నాయా?' అని అడిగితే ఫొటో తీసినవారికి దొరికే ప్రోత్సాహం ఇరవై బ్యాడ్జీల పెట్టు.

ఇదంతా ఎక్కడివారికైనా వర్తించే మాటే. తెలుగువారికి ప్రత్యేకంగా పనికొచ్చేది పేర్ల దగ్గర ఉంది. విదేశీ సంగ్రహాల్లో మన ప్రాంతాల పాత ఫొటోలు, చిత్రాలు ఇంగ్లిషువాళ్లు రాసుకున్న పేర్ల కింద ఉంటాయి. కాకినాడ అక్కడ కోకనాడ, విశాఖపట్నం విజాగపటం, మచిలీపట్నం మసూలిపటం, విజయవాడ బెజ్వాడా. కాకినాడ అని వెతికేవారికి కోకనాడ దొరకదు. యంత్రానికి తెలియని ఈ బంధుత్వం తెలిసినవారు ఒక ట్యాగు తగిలిస్తే చాలు, నూరేళ్ల నాటి రేవు ఫొటో ఆ ఊరివారి చేతికొస్తుంది. కొత్త ఫొటోలకూ అంతే. ఇంగ్లిషు అక్షరాల్లో మన ఊరి పేరును ఇద్దరు ఒకలా రాయరు; తెలుగు లిపిలో రాస్తే ఆ పేచీ చాలావరకు తీరుతుంది. ట్యాగులు తెలుగులో పెట్టొచ్చని తెలిసినా చాలామంది పెట్టరు, ఎవరు వెతుకుతారులే అనుకుంటారు. పెట్టినవారు లేనప్పుడు వెతికేవారికి మాత్రం ఏం దొరుకుతుంది?

ముంపు ఊళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. శ్రీశైలం జలాశయం కింద కృష్ణ ఒడ్డు ఊళ్లు ఎన్నో మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. గుడి రాళ్లకు నంబర్లు వేసిన మనం ఇళ్లకు వేయలేదు. అది చేతుల్లో కెమెరాలు లేని కాలం అనుకుందాం. పోలవరం ముంపు అలా కాదు. పాపికొండల పడవ ప్రయాణంలో పర్యాటకులు ఫోన్లతో తీసిన ఫొటోల్లో ఒడ్డున రేవు మెట్లు, పెంకుటిళ్లు, వలలు ఆరేసిన దడులు ఉన్నాయి. తీసినవారి దృష్టి కొండల మీద. వెనక చిన్నగా పడిన ఇల్లు ఎవరిదో చెప్పగలవారు పునరావాస కాలనీల్లో ఉన్నారు, వాళ్ల పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి. 'బ్యూటిఫుల్ గోదావరి' అనే శీర్షిక కింద వాళ్లలో ఒకరు ఆ ఊరి పేరు రాసిపెడితే, ఆ ఫొటో విహారయాత్ర జ్ఞాపకం దాటి, లేని ఊరికి సాక్ష్యమవుతుంది.

అంత తీరిక ఎవరికుంది అనేవారికి జవాబు ఇందాకటి గ్రంథాలయం లెక్కలోనే ఉంది. కోటికి పైగా చూపులకు ఏడు వేల కామెంట్లు. అంటే సుమారు పద్నాలుగు వందల సార్లు చూస్తే ఒక్కటి. వాటిలోనూ మెచ్చుకోళ్లే ఎన్నో. అయినా 500 రికార్డులు బాగుపడ్డాయి. అందరూ రాయక్కర్లేదు, తెలిసిన ఒక్కరు ఊరుకోకుండా ఉంటే చాలు. ఆ పని వాట్సాప్ గ్రూపుల్లో జరుగుతూనే ఉంది కదా అంటే, జరుగుతోంది. పూర్వవిద్యార్థుల గ్రూపులో పాత ఫొటో పడగానే 'ఎడమ నుంచి మూడోవాడు ఫలానా' అని పది నిమిషాల్లో తేల్చేస్తారు. తెల్లారేసరికి ఆ మాట గుడ్ మార్నింగుల కింద పడి ఉంటుంది. ఫొటో ఒకచోట, పేరు ఒకచోట. మరుసటి ఏడు అదే ఫొటో మళ్లీ వస్తుంది, అదే ప్రశ్నతో.

వీటన్నిటికంటే బరువైన అభ్యంతరం భద్రత గురించి. పేరు, ఊరు, తేదీ అన్నీ రాయమంటున్నారు, మోసగాళ్లకు దారి చూపినట్టు కాదా? అవును, కొన్ని ఫొటోలకు అవుతుంది. బడి యూనిఫారంలో ఉన్న పిల్లల ఫొటోకి బడి పేరు రాయకూడదు. ఇంట్లో తీసిన ఫొటోకి ఫోను తనంతట తాను తగిలించే మ్యాపు గుర్తు తీసేయాలి; అది గుమ్మం దాకా దారి చూపగలదు. బతికి ఉన్న మనిషి పేరు రాసేముందు అడగాలి. పునరావాస కాలనీలోని పెద్దాయనకు తన పాత ఇల్లు లోకానికి చూపించడం ఇష్టం లేకపోవచ్చు, అది ఆయన హక్కు. కానీ రేవుకు, గుడికి, సంతకు, చెట్టుకు ఈ భయం లేదు. మనం చేస్తున్నది తలకిందులుగా ఉందనిపిస్తుంది: పిల్లల పుట్టినరోజు ఫొటోకి అడ్రసుతో సహా రాస్తాం, ఊరి చెరువు ఫొటోకి చెరువు పేరు రాయం.

ఇంత చేసి, కంపెనీ సైటు మూసేస్తే? మూసేస్తాయి. తెలుగువాళ్లు సందడి చేసిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. ఫొటోలను మ్యాపు మీద అతికించే పనోరమియో 2016లో పోయింది. ఫ్లికర్ 2005లో యాహూ చేతికి వెళ్లి, 2013లో అందరికీ ఉచితంగా ఒక టెరాబైటు చోటిచ్చి, 2018లో స్మగ్‌మగ్ చేతికొచ్చాక ఉచిత ఖాతాకు వెయ్యి ఫొటోలే అని గిరిగీసింది. గీత దాటిన పాతవి తొలగిస్తామన్నప్పుడు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు పెట్టినవాటిని మినహాయించారు. నలుగురి కోసమని వదిలిన ఫొటోలకే కొంత రక్షణ దొరికిందన్నమాట. కాబట్టి ఊళ్లు, గుళ్ల ఫొటోలకు ఆ లైసెన్సు పెట్టడం, లాభాపేక్ష లేని వికీమీడియా కామన్స్‌లోనూ ఒక ప్రతి ఉంచడం మేలు. అక్కడ ఒకే ఫొటోకి తెలుగులో, ఇంగ్లిషులో విడివిడిగా వివరం రాయొచ్చు. కామెంట్లలో దొరికిన సమాచారాన్ని ఫొటో ఫైలు వివరణలోకి ఎక్కించుకుంటే సైటుతోపాటు అది పోదు.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. 2015 పుష్కరాల ఫొటోలు సైట్లలో కావలసినన్ని ఉన్నాయి: మోకాలి లోతు నీళ్లు, అరటి దొప్పలో దీపం, వెనక జనం. అది కోటిలింగాల రేవా, పుష్కర ఘాటా, ఆవలి ఒడ్డున కొవ్వూరు గోష్పాద రేవా అన్నది అక్కడ మునిగినవారికి ఇంకా గుర్తుంది. వాటి కింద కామెంటు గడి తెరిచే ఉంది.