గృహస్థు లేని యిల్లు

అతిథి యనగా తిథివారములు చూడక మన గుమ్మమున వచ్చి నిలుచువాడని పెద్దలు చెప్పుదురు. ఆ మాటలోనే మఱియొక మాట యిమిడియున్నది. వచ్చినవానిని లోనికి పిలుచుటకు గృహస్థు డొకడుండవలెను. గృహస్థు లేని యింట అతిథి లేడు. డబ్బిచ్చి బసచేసిన బాటసారి మాత్రమే కలడు. నివాసపు పేటలలోని యిండ్లను దినముల లెక్కన అద్దెకిచ్చు వ్యాపారమును గూర్చి నేడు మహానగరములలో జరుగుచున్న తగవంతయు ఈ భేదమునందే యున్నదని మా యభిప్రాయము.

గదులను పూటల లెక్కన నిచ్చుట యాత్రాస్థలములలో మనవా రెఱుగనిది కాదు. క్రొత్తదైనది దాని పరిమాణము. 2008 లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఎయిర్‌బీఎన్‌బీ కంపెనీ పుట్టినపుడు, తన యింట మిగిలిన చోటును బాటసారికిచ్చి యింటియద్దెకు కొంత సాయము చేసికొనుటయే దాని భావము. పిమ్మట నెలజీతముపై బ్రదుకు కాపురస్థు డిచ్చు అద్దెకంటె నాలుగు రాత్రులకు యాత్రికు డిచ్చు అద్దె లాభకరమని ధనవంతులు గ్రహించిరి. ఇండ్లకు ఇండ్లనే యీ పనికై కొనిరి. మిగిలిన గది పోయి, కాపురమే లేని యిల్లు వచ్చెను.

నివాసపు పేట యనునది చట్టము పౌరునకిచ్చిన యొక హామీ. న్యూయార్కు 1916 లో నగరమంతటికిని పేటల నిబంధనలు చేసెను. 1926 లో అమెరికా సుప్రీముకోర్టు యూక్లిడ్ గ్రామపు వ్యాజ్యములో అట్టి నిబంధనలు న్యాయసమ్మతములే యని తీర్పు చెప్పెను. మన నగరముల మాస్టరు ప్లానులును ఇట్లే నివాసములకు వేఱుగా, వర్తకమునకు వేఱుగా స్థలములు నిర్ణయించుచున్నవి. ఇండ్ల నడుమ అంగడి కూడదన్న పిదప, దినదినమును క్రొత్తవారు పెట్టెలతో దిగి మఱునాడు పోవు యింటిని అంగడి కాదనుట యెట్లు? తలుపులును గోడలును ఇంటివే. లోని పని మాత్రము లాడ్జిపని.

న్యూయార్కు రాష్ట్రము 2010 లోనే, పెక్కు కుటుంబములు నివసించు భవనములలో కాపురస్థుడు లేకుండ ఇంటిని 30 దినములకు తక్కువగా అద్దెకిచ్చుటను నిషేధించెను. కాని ఏ గదిని ఎవరిచ్చుచున్నారో నగరాధికారులకు తెలియదు. తెలిసిన కంపెనీలు చెప్పుటకు ఇష్టపడలేదు. 2022 లో నగరము చేసిన 18 వ స్థానిక శాసనము ఈ లోపమును తీర్చ బూనెను. 2023 సెప్టెంబరు నుండి అమలైన యీ శాసనము ప్రకారము అద్దెకిచ్చువాడు తన పేరు నమోదు చేసికొనవలెను; బసకాలమున తానును ఆ యింటనే యుండవలెను; ఇద్దఱికంటె నెక్కువమందిని చేర్చుకొనరాదు. నమోదుకాని యింటికి బేరము కుదిర్చినచో కంపెనీకిని జరిమానా కలదు. ఈ కడపటి నిబంధనయే శాసనమునకు ప్రాణము.

బార్సెలోనా కథ వేఱు. అచ్చట యాత్రికుల బసలకు నగరమే లైసెన్సు లిచ్చెను. పదేండ్లలో అద్దెలు నూటికి 68 వంతులు పెరిగినవని చెప్పుచు, ఆ 10,101 లైసెన్సులను 2028 నవంబరు తరువాత కొనసాగింపబోమని మేయరు జౌమె కొల్‌బోని 2024 జూనులో ప్రకటించెను. దీనికాధారమైన కాటలోనియా ప్రభుత్వ శాసనముపై వ్యాజ్యము నడచి, 2025 మార్చిలో స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానము ఆ శాసనమును నిలిపెను. ఇందుండి మనము నేర్చుకొనవలసినది స్పష్టము. ఒకసారి లైసెన్సు చేతికిచ్చినచో దానిని పుచ్చుకొన్నవాడు ఆస్తిగా భావించును. తిరిగి తీసికొనుటకు న్యాయస్థానముల మెట్లెక్కవలెను. నిబంధన ముందుండవలెను, లైసెన్సు వెనుక రావలెను.

ఇల్లు నాది, నా యిష్టమని యజమాను డనవచ్చును. ఇల్లు ఆయనదే. మెట్లును, లిఫ్టును, నీటితొట్టియును, అర్ధరాత్రి నిశ్శబ్దమును ఒక్క ఆయనవే కావు. ఇట్టి నిబంధనలవలన హోటళ్లవారే బాగుపడుదురని మఱికొంద ఱందురు. ఈ యాక్షేపణలో కొంత నిజము లేకపోలేదు. న్యూయార్కులో హోటలు గదుల ధరలు పెరిగినవి, ఇంటియద్దెలు దిగిరాలేదు. 2023 లో ఆ నగరమున అద్దెయిండ్లలో ఖాళీగా నున్నవి నూటికి 1.41 వంతు మాత్రమే. ఇంతటి కఱవును ఒక్క శాసనము తీర్చునని మే మనము. క్రొత్త యిండ్లు కట్టక తప్పదు. అయినను కఱవుకాలమున గాదెలోని గింజలను కూడ పొరుగూరివారికి అమ్ముకొనుట మాత్రము బుద్ధి కాదు.

మనదేశమున కేంద్ర పర్యాటకశాఖవారి బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్టు పథకము, యజమాని కుటుంబముతో ఆ యింట నివసింపవలెననియు, గదులు ఆఱింటికి మించరాదనియు చెప్పుచున్నది. సూత్రము చక్కనిది. కాని అది కోరి చేరినవారికే వర్తించును. హైదరాబాదు, విశాఖపట్టణముల అపార్ట్‌మెంటులలో దినపుటద్దె లిచ్చుకొనువారికి అందుచే పట్టుబాటు లేదు. 1987 నాటి అపార్ట్‌మెంటుల చట్టము ఈ వ్యాపారమునకు ముందు పుట్టినది. ఇక పొరుగువారికి మిగులునది సంఘపు సమావేశములలో కలహించుటయే.

కావున మన పురపాలక సంఘములు మూడు పనులు చేయవలెనని కోరుచున్నాము. దినపుటద్దె కిచ్చు ప్రతి యింటికిని నమోదు సంఖ్య యుండవలెను. ఆ సంఖ్య లేనిదే కంపెనీ బేరము కుదుర్పరాదు. గృహస్థు కాపురమున్న యింట ఒకటి రెండు గదు లిచ్చుకొన్నచో స్వల్పరుసుముతో సెలవీయవలెను; పింఛనుతో కాలము గడుపు వృద్ధదంపతులకు అది యాధారము, యాత్రికునకు ఆదరము. ఎవరును కాపురములేని యిల్లు మాత్రము లాడ్జియే. దాని స్థానము వర్తకవీధి.

మన పూర్వులు బాటసారులకై సత్రములు కట్టించిరి. కాపురమున్నవారిని వెడలగొట్టి వారి యిండ్లను సత్రములు చేయలేదు. వచ్చిపోవువానికి చోటు చూపుట నగరమునకు శోభ. ఉన్నవాని చోటు నిలుపుట నగరమునకు ధర్మము.