తొమ్మిదో అంశం

రాబోయే బడ్జెట్ సమావేశాల్లో తన ప్రాధాన్యాలు పదకొండని మా ఎమ్మెల్యేగారు కరపత్రం వేయించారు. మొదటిది రోడ్లు, రెండోది చెరువులు. తొమ్మిదోది మహిళా సంక్షేమం: కుట్టు శిక్షణ కేంద్రం, మహిళా భవనం. సలహాలు చెప్పమని మా కాలేజీలో సమావేశం పెడితే, లేచి బెల్టు షాపుల సంగతి అడిగాను. "అది ఎక్సైజ్ వాళ్ళ విషయం మేడమ్, మహిళా సంక్షేమంలోకి రాదు" అన్నారాయన, చాలా మర్యాదగా. ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్ళు సారా దుకాణం మూయించినప్పుడు అది ఏ శాఖ కిందికి వస్తుందని చూసుకోలేదు. అక్షరాస్యత తరగతుల్లో మొదలైన మాటలు సారా వేలంపాటల్ని అడ్డుకునేదాకా వెళ్ళాయి. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఖజానా పేరు చెప్పి ఎత్తేశారు. మనం ఆ ఉద్యమం మీద కథలు రాశాం, సెమినార్లు పెట్టాం. నేనైతే ఏటా పాఠం చెప్పి పరీక్షలో ప్రశ్న కూడా ఇస్తాను. కాలేజీ గేటుకు నాలుగిళ్ళ అవతల సీసాలు అమ్ముతున్నారని మాత్రం ఏ సెమినార్‌లోనూ అనలేదు.

తెలంగాణలో లైసెన్సున్న మద్యం దుకాణాలు 2,620. 2025లో వాటి దరఖాస్తు రుసుమును 2 లక్షల నుంచి 3 లక్షలకు పెంచారు. లాటరీలో దుకాణం రాకపోయినా ఆ డబ్బు తిరిగిరాదు. అంత పెట్టి దుకాణం తెచ్చుకున్నవాడు ఊళ్ళలోని కిరాణా కొట్లకూ సరుకు పంపకుండా ఊరుకుంటాడా? బెల్టు షాపుకి లైసెన్సు లేదు కనుక అది లెక్కల్లో ఉండదు. అందులో అమ్మే సీసా మాత్రం లైసెన్సు దుకాణం నుంచి వచ్చిందే, దాని పన్ను ఖజానాకి చేరిందే. ఆ ఖజానాలోంచే కదా రేపు మాకు కుట్టుమిషన్లు!

మా కాలేజీ ఊడ్చే ఆమె ఒక్క మాటలో తేల్చేసింది: "మా ఊరి దుకాన్ల ఉప్పు అయిపోతది గని క్వార్టర్ సీస అయిపోదు మేడమ్." ఆమె జీతం ఐదో తారీఖుకి వస్తే పదో తారీఖుకి ఉండదు. దాచిన చోటు చెప్పమని తన్నులు వేరే.

ఎమ్మెల్యే చేతిలో ఏముందంటారా? ఎక్సైజ్ పద్దు సభలో ఓటుకు వచ్చినప్పుడు ఏ సభ్యుడైనా కోత తీర్మానం ఇవ్వవచ్చు. పాలకపక్షం వాళ్ళు ఇవ్వరనే అనుకుందాం. ప్రశ్నోత్తరాల్లో అడగడానికేం? నా నియోజకవర్గంలో ఎన్ని బెల్టు షాపుల మీద కేసులు పెట్టారు, సరుకిచ్చిన ఎన్ని దుకాణాల లైసెన్సు రద్దుచేశారు అని నక్షత్ర గుర్తు ప్రశ్న వేస్తే మంత్రి లేచి నిలబడి జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలూ ఎదుర్కోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు. 2023 ఎన్నికల్లో 119 మందిలో గెలిచిన ఆడవాళ్ళు పదిమందే. వాళ్ళే అడగాలని కూర్చుంటే తక్కినవాళ్ళకి ఓట్లెందుకు వేసినట్టు?

కరపత్రం వెనక, మా ఊడ్చే ఆమె చెబుతుంటే, మూడు ఊళ్ళలో సీసాలమ్మే కొట్ల గుర్తులు రాసుకున్నాను. తన పేరు రాయొద్దంది, రాయలేదు. కింద నా సంతకం పెట్టి, ప్రశ్న రూపంలోనే ఈ సోమవారం ఆయనకి పంపుతున్నాను.