మన్యపు బాట, మైదానపు వేగము

శీతకాలము వచ్చినదనగా నర్సీపట్నము మీదుగా లంబసింగికి ఎక్కు ఘాటు రోడ్డునకు నిద్ర లేదు. చెరువుల వేనము కొండమీద, సూర్యోదయవేళ, మేఘములను తమ పాదములక్రింద చూడగోరి విశాఖపట్టణమునుండియు రాజమహేంద్రవరమునుండియు యాత్రికులు రాత్రి రెండు మూడు గంటలకే కొండనెక్కుచున్నారు. అందు కొందరు చింతపల్లి, గూడెం కొత్తవీధి దాటి, సప్పర్ల అడవిలోపడి, సీలేరువైపు సాగుదురు. చూడవచ్చినవారిని మేము తప్పుపట్టము. ఇట్టి శోభ గల సీమలు ఆంధ్రదేశమున అనేకములు లేవు. కాని వారు ప్రయాణమునకు ఎన్నుకొన్న గడియలే అడవిమృగములు నీటికిని మేతకును బాట దాటు గడియలు. దానికి తోడు మంచు. దీపము వేసినకొలది అది తెల్లగోడవలె ఎదుట నిలుచును గాని దారి కానరాదు.

అలుగు సంగతి చూడుడు. అపాయము తోచగానే అది తలను కడుపులో దాచుకొని పెంకుల ఉండవలె చుట్టుకొనును. చిరుతపులి కోరలకు లొంగని ఆ కవచము మోటారు చక్రమునకు ఆగదు. పరుగెత్తవలసినచోట చుట్టుకొని పడియుండుటయే దాని ప్రాణము తీయుచున్నది. ఈతకు సాధారణముగా ఒక్క పిల్లనే కను జంతువు; ఒక తల్లి పోయిన లోటు ఎన్నేండ్లకు తీరును? ఎలుగుబంటి పిల్లలను వీపున మోసికొని నడచును. పాములు చలిరాత్రి వెచ్చదనముకొరకు తారురోడ్డు మీదికి వచ్చి పడుకొనును. కొమ్మనుండి కొమ్మకు దూకి బ్రతుకు పెద్ద కొండ ఉడుత, రోడ్డు వెడల్పునకై ఇరుప్రక్కల చెట్లు కొట్టివేసినచో, నేలకు దిగక తప్పదు. ఇక అడవిదున్న అడ్డువచ్చినప్పుడు చచ్చునది మృగము మాత్రమే కాదు. పూర్తిగా ఎదిగిన పోతు వేయి కిలోల వరకు తూగును.

గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు పోవును. కన్ను మృగమును చూచి కాలు బ్రేకును త్రొక్కునప్పటికి ఆ సెకను గడచును. పిమ్మట బండి నిలుచుటకు పొడిరోడ్డున మరి 20 మీటర్లు పట్టును. మంచుతో తడిసిన రోడ్డున ఇంకను హెచ్చు. వేగము సగము చేసినచో మొదటి దూరము సగమగును, రెండవది నాలుగవ వంతగును. ఘాటు మలుపులో దీపము తిన్నగా లోయలోనికి పోవును గాని మలుపునకు ఆవల ఏమున్నదో చూపదు. మృగము కనబడినప్పుడు హారను మ్రోగించి పెద్ద దీపము వేయుట కూడ పొరపాటే. ఆ వెలుగునకు కన్నులు చెదరి అది ఉన్నచోటనే నిలిచిపోవును. దీపము తగ్గించి, బండి ఆపి, దానిని దాటనీయవలెను.

ఈ బాటకొక చరిత్ర కలదు. నర్సీపట్నమునుండి చింతపల్లివైపు రోడ్డును గూడెము డిప్యూటీ తహశీల్దారు బాస్టియను గిరిజనులచే వెట్టిగా వేయించుటయు, 1882 నాటి మద్రాసు అటవీచట్టముతో అడవి వారికి పరాయిదగుటయు, 1922 ఆగష్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషనుపై దండెత్తుటకు వెనుకనున్న కారణములలోనివి. నూరేండ్లు గడచినను మన్యమున రోగిని డోలీలో మోసికొనిపోవు గ్రామములు ఇంకను ఉన్నవి. కావున అడవిపేర రోడ్డే వలదనువారితో మేము ఏకీభవింపజాలము. కాఫీయు మిరియమును పసుపును సంతకు చేర్చుకొను రైతునకును, ప్రసవవేదనతోనున్న తల్లికిని రోడ్డు కావలెను. వారి బ్రతుకుతెరువునకు అడ్డుతగిలి మృగములను కాపాడబూనినచో 1882 నాటి తప్పునే మరల చేసినవారమగుదుము. వినోదమునకై కొండనెక్కువారి తొందరకు ఈ వాదము వర్తింపదు.

ఇది అసాధ్యమని చెప్పువారు శ్రీశైలము చూచిరావలెను. అమ్రాబాదు పులుల అడవిలోనుండి పోవు ఆ రోడ్డున రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు రాకపోకలు నిలిపివేయుచున్నారు. మల్లన్న దర్శనమునకు భక్తులేమియు తగ్గలేదు! కర్ణాటకలోని బందిపూర్ అడవిలో 2009 నుండి ఇట్టి నిషేధమే కలదు. అత్యవసర వాహనములకును కొన్ని బస్సులకును మినహాయింపు నిచ్చినారు. హైదరాబాదు మీదుగా పోవు 44వ జాతీయ రహదారిని మహారాష్ట్రములోని పెంచ్ అడవికడ స్తంభములపై నెత్తి, మృగములు క్రిందుగా పోవుటకు తొమ్మిదిచోట్ల దారి విడిచినారు. పులులు వానిగుండ నడచుట కెమెరాలకు చిక్కినది. భారత వన్యప్రాణి సంస్థ ఇట్టి నిర్మాణములకు 2016లోనే మార్గదర్శకములు వెలువరించినది. రాజమహేంద్రవరమునుండి లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరమునకు పోవు 516ఇ రహదారిని వెడల్పు చేయు ఇంజనీర్లు ఆ గ్రంథమును తెరచిచూచుటకు ప్రత్యేకధనము అక్కరలేదు.

2022 ఏప్రిలులో ఏర్పడిన జిల్లాకు అల్లూరి పేరు పెట్టుకొన్నాము. ఆ జిల్లా కలెక్టరుగారు ఈ శీతకాలములోపలనే గ్రామసభలను సంప్రదించి, చింతపల్లినుండి సీలేరువరకు గల అడవిభాగములలో రాత్రి యాత్రికుల వాహనములను చెక్‌పోస్టులకడ ఆపుటకును, స్థానికుల బండ్లను, బస్సులను, అంబులెన్సులను యథేచ్ఛగా పోనిచ్చుటకును ఉత్తరువు చేయవలెనని కోరుచున్నాము. పగటివేళ అడవిభాగములలో 30 కిలోమీటర్ల పరిమితి విధించి, మృగములు దాటుచోట్ల రోడ్డుమీద మిట్టలు వేయింపవలెను. ఆ చోట్లు ఏవో వాచరుకును పశులకాపరికిని తెలియును. వారినడిగి నిర్ణయించుట మేలు. చచ్చిన ప్రతిజంతువును, తేది, స్థలము, గడియతోసహా చెక్‌పోస్టున ఒక పుస్తకములో వ్రాయించి, నెలకొకసారి ప్రకటింపవలెను. మా పాఠకులలో కార్లుగలవారు, డ్రైవరుకు జీతమిచ్చువారు, కుమారులకు తాళములిచ్చి పంపువారు అనేకులున్నారు. తెల్లవారుటకు ముందే చెరువుల వేనము చేరవలెననువారు ముందునాటి సాయంకాలమే లంబసింగి చేరి అచ్చట రాత్రి బసచేయవచ్చును. గది అద్దె అచ్చటివారికే ముట్టును.