నమ్మకానికీ ఇంటి పేరుంటుంది

చిన్న వ్యాపారం పెట్టుకునేవాళ్లకు మార్కెటింగ్ పాఠాలు చెప్పేవాళ్లంతా మొదట చెప్పే మాట ఒకటుంది. ప్రకటనలకు డబ్బు లేకపోతే నీ కథ చెప్పుకో. నీ ముఖం చూపించు, నీ పేరు పెట్టు, మీ ఊరు చెప్పు, మీ వంటగది చూపించు, అమ్మమ్మ చేతి రుచి అని రాయి. పెద్ద కంపెనీల దగ్గర లేనిదీ, నీ దగ్గర ఉన్నదీ అదే, పైగా పైసా ఖర్చు లేదు. మేనేజ్‌మెంట్ తరగతుల్లో, స్వయం సహాయక సంఘాల శిక్షణల్లో, ఇన్‌స్టాగ్రామ్ రీళ్లలో ఇదే పాఠం.

ఖర్చు లేనిది ఎవరికి? అమ్మమ్మ ఏ వీధిలో ఉండేదో చెప్పగానే ఆర్డర్లు పెరిగేవాళ్లున్నారు, ఆర్డర్లు ఆగిపోయేవాళ్లూ ఉన్నారు. మొదటివాళ్లకు పనికొచ్చే సలహానే అందరికీ పనికొచ్చే సలహాగా అచ్చేస్తున్నారు.

అర్థశాస్త్రంలో బ్రాండ్ ఎందుకు పుడుతుందో చెప్పేటప్పుడు జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల సంతపై రాసిన వ్యాసాన్ని తప్పకుండా తలుస్తారు. సరుకు మంచిదో కాదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. ఆ తేడాను పూడ్చడానికి ఏదో ఒక హామీ కావాలి. గ్యారంటీ కార్డు, లైసెన్సు, బ్రాండ్ పేరు అలా వచ్చినవే. మన దేశంలో వీటన్నింటికంటే ముందు నుంచీ ఒక హామీ చెలామణీలో ఉంది. పచ్చడి జాడీ మీద 'బ్రాహ్మణుల వంట' అని రాస్తే అందులో నూనె ఏదో, ఉప్పు ఎంతో, చేతులు కడుక్కున్నారో లేదో ఎవరూ అడగరు. రెడ్డి మెస్, రాజుగారి పులావు, చౌదరిగారి విందు, ఊరూరా అయ్యంగార్ బేకరీ. ఆ బేకరీ బోర్డుల కింద కూర్చున్నవాళ్లంతా అయ్యంగార్లేమీ కారు. కానీ బోర్డు రాయించినవాళ్లకు ఏ పేరుకు విలువ ఉందో బాగా తెలుసు. ఈ పేర్లు పెట్టుకోవడానికి ట్రేడ్‌మార్క్ రుసుము కూడా అక్కర్లేదు. తరతరాల పెట్టుబడి అది, వడ్డీ మాత్రం ఇప్పుడు వస్తుంది. అదే వరసలో మాల మెస్, మాదిగ మిఠాయి అని ఊహించుకోండి. ఊహించుకోగానే పెదవుల మీద చిన్న నవ్వు వచ్చిందంటే, ఆ నవ్వే నేను చెబుతున్న సమస్య.

బాబాసాహెబ్ జీవితంలో ఈ ముక్కను మనం తరచూ దాటేస్తాం. బరోడా కొలువు వదిలి 1917లో బొంబాయి వచ్చాక, సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ కాకముందు, ఆయన షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే చిన్న సంస్థ ఒకటి పెట్టారు. అప్పటికే కొలంబియాలో, లండన్‌లో అర్థశాస్త్రం చదివి వచ్చిన మనిషి. మొదట్లో వ్యాపారం సాగింది. సలహా ఇస్తున్నది అంటరానివాడని తెలిశాక ఖాతాదారులు రావడం మానేశారు. సలహా నిన్న ఎంత మంచిదో ఇవాళా అంతే మంచిది. మారిందల్లా కొనేవాళ్లకు తెలిసిన ఒక్క సంగతి. మూడేళ్ల తర్వాత, 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' మొదలైనప్పుడు ఛత్రపతి శాహూ మహరాజ్ ఇచ్చిన 2,500 రూపాయలు దానికి ఆసరా. డబ్బు చెల్లిస్తామన్నా 'కేసరి' ఆ పత్రిక ప్రకటన వేయలేదు. అంటే ఆయన సమస్య ప్రకటనకు డబ్బు లేకపోవడం ఒక్కటే కాదు. డబ్బు ఉన్నా చోటు దొరకలేదు.

పోటీ పెరిగితే వివక్ష దానంతటదే పోతుందని చెప్పే వాదం ఒకటుంది. గ్యారీ బెకర్ 1957లో వివక్ష ఆర్థికశాస్త్రంపై రాసిన పుస్తకం నుంచి దాన్ని ఎత్తుకుంటారు. వివక్ష చూపే యజమాని మంచి పనివాళ్లను పోగొట్టుకుని నష్టపోతాడు కాబట్టి పోటీలో నిలవలేడని సారాంశం. ఈ వాదాన్ని ఎత్తుకునేవాళ్లు బెకర్ చెప్పిన రెండో సంగతిని వదిలేస్తారు. వివక్ష చూపేది వినియోగదారుడైతే ఈ లెక్క పనిచేయదు. అతనికి నచ్చినదాన్ని అమర్చిపెట్టడమే మార్కెట్ పని. కులం చూసి కొనేవాడికి కులం చూపించి అమ్మేవాడే లాభపడతాడు. ఉచిత ప్రకటన వేదికలు వచ్చాయి కాబట్టి ఇక అందరూ సమానమేననే మాట నాకు అందుకే మింగుడుపడదు. ఫోన్ తెర మీద ఇప్పుడు కనిపించేది సరుకు ఒక్కటే కాదు. ఇంటి పేరు, ముఖం, వెనక గోడ మీది ఫొటో కూడా.

2017లో పుణెలో ఒక వాతావరణ శాస్త్రవేత్త తన వంటమనిషిపై పోలీసులకు ఫిర్యాదు చేశారు. బ్రాహ్మణ స్త్రీనని చెప్పి వండిందని, తనను మోసం చేసిందని. వంట బాగోలేదన్నది ఫిర్యాదు కాదు. తర్వాత ఫిర్యాదును వెనక్కి తీసుకున్నారు, అది వేరే సంగతి. పరిశోధకులకు ఆ కేసు ఒక పాఠ్యాంశం కావాలి. అక్కడ కొన్నది వంటనా, కులాన్నా? 2024 జులైలో కావడి యాత్ర దారిలో హోటళ్లు, బండ్ల మీద యజమానుల పేర్లు రాయాలని ముజఫర్‌నగర్ పోలీసులు ఆదేశించినప్పుడు, ప్రశ్న మతం వేషంలో వచ్చింది. సుప్రీంకోర్టు జులై 22న దాన్ని నిలిపేస్తూ, ఏ రకం తిండి అమ్ముతున్నారో చెప్పమనొచ్చు గానీ యజమానుల, పనివాళ్ల పేర్లు చెప్పమని బలవంతపెట్టకూడదంది. మన దేశంలో పేరు రాయడమంటే సమాచారం ఇవ్వడం ఒక్కటే కాదని ఆ పోలీసులకు తెలుసు, కోర్టుకు తెలుసు, బండి మీద అరటిపండ్లు అమ్ముకునేవాడికి ఇంకా బాగా తెలుసు. తెలియనట్టు ఉండేది మార్కెటింగ్ పుస్తకాలకే.

మా పిన్ని గుంటూరు జిల్లాలో గోంగూర, పండుమిరప, కోడి పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. లేబుల్ వేయించడానికి వెళ్తే ప్రింటింగ్ ప్రెస్ అతను పేరు చూసి, ఒక లక్ష్మీదేవి బొమ్మ వేయించుకోండమ్మా, బాగుంటుంది అన్నాడట. అతను చెడ్డవాడేం కాదు, వ్యాపారం తెలిసినవాడు. పిన్ని వేయించలేదు. మిరపకాయ బొమ్మ వేయించింది. పక్క పట్టణంలోని ఒక అపార్ట్‌మెంట్ నుంచి మొదట్లో మంచి ఆర్డర్లు వచ్చేవి. ఫోన్‌లో ఒకావిడ రుచి ఎంతో మెచ్చుకుని, ఆఖర్న మెల్లగా "ఇంతకీ మీరేమిట్లండీ?" అని అడిగింది. పిన్ని నవ్వి మాట మార్చేసింది. కొన్నాళ్లకు వాళ్లలో ఒకరు జాడీల కోసం నేరుగా ఇంటికి వచ్చారు. ముందు గదిలో అంబేడ్కర్ ఫొటో, దాని పక్కన వాక్యం రాసిన క్యాలెండరు. జాడీలు తీసుకున్నారు, డబ్బిచ్చారు, మంచినీళ్లు వద్దన్నారు. ఆ అపార్ట్‌మెంట్ నుంచి మళ్లీ ఫోన్ రాలేదు. బాగోలేదని ఒక్కరూ అనలేదు. అంటే పచ్చడి మెరుగుపరుచుకోవడానికి కూడా ఆమెకు ఒక్క మాట దక్కలేదు.

ఇలాంటప్పుడు పేరు దాచుకునేవాళ్లను ఆత్మగౌరవం లేనివాళ్లని తేలిగ్గా అనేస్తాం. నేను అనను. అద్దె ఇల్లు దొరకడానికి పేరు దాచుకున్న స్నేహితులు మనందరికీ ఉన్నారు. కాకపోతే వ్యాపారంలో దాపరికానికి ఒక వింత లక్షణముంది. బ్రాండ్ ఎంత పెరిగితే భయం అంత పెరుగుతుంది. పదిమందికి తెలియాలనే కదా బ్రాండ్, పదిమందికీ తెలియకూడదనే కదా దాపరికం. రెండూ ఒకే లేబుల్ మీద ఎన్నాళ్లు ఇముడుతాయి?

ఎదురు దారి పట్టినవాళ్లున్నారు. చంద్రభాన్ ప్రసాద్ 2016లో 'దళిత్ ఫుడ్స్' పేరుతోనే కారం, పసుపు, ధనియాల పొడి, మామిడి పచ్చడి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టారు. ఆయన మార్కెట్‌పై పెట్టుకున్న ఆశతో నాకు పేచీ ఉంది, ఆ పేరు పెట్టిన తెగువతో లేదు. ముంబైలో సుధీర్ రాజ్‌భర్ నడిపే 'చమార్ స్టూడియో' ఇంకో దారి. 2015 నాటి గోవంశ వధ నిషేధం మహారాష్ట్రలో తోలు పనివాళ్ల బతుకును దెబ్బతీశాక, పాత రబ్బరును తోలుకు బదులుగా వాడి, ఆ పనివాళ్లతో సంచులు కుట్టించి, తిట్టుగా వాడే మాటనే బ్రాండ్‌గా నిలబెట్టారు. రెండూ గొప్ప ప్రయత్నాలే, కానీ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. సంచిని భుజానికి తగిలించుకుంటారు, పచ్చడిని అన్నంలో కలుపుకుంటారు. అంటరానితనం భుజం దగ్గర కంటే నోటి దగ్గరే మొండిగా ఉంటుంది. ఆ సంచి కొనేవాళ్లలో కళనూ డిజైన్‌నూ ఇష్టపడే సంపన్నులుంటారు, ఆ పేరు మోయడం వాళ్లకు ఒక అందం. ఊళ్లో పచ్చడి కొనేవాళ్లకు అలాంటి అందాల అవసరం లేదు.

లక్ష్మీ అయ్యర్, తరుణ్ ఖన్నా, అశుతోష్ వర్ష్ణేయ ఆర్థిక గణనలను విశ్లేషించి 2013లో చూపించిన లెక్క ప్రకారం, 2005లో దేశంలోని సంస్థల్లో షెడ్యూల్డ్ కులాలవారివి 9.8 శాతం. జనాభాలో వాటా 16 శాతం పైన. అప్పు, భూమి, చదువు అన్నీ ఇందుకు కారణాలే. నేను చెప్పదలిచింది ఏ రంగంలో అన్న ప్రశ్న గురించి. దళిత పారిశ్రామికవేత్తల విజయగాథల్లో విడిభాగాలు, కాంట్రాక్టులు, కంపెనీలకు సరఫరాలు ఎక్కువ కనిపిస్తాయి. బోల్టు ఎవరు తయారుచేశారో కారు కొనేవాడికి తెలియదు. ప్రభుత్వ కొనుగోళ్ల మొత్తంలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సూక్ష్మ, చిన్న సంస్థలకు కేటాయించిన 2012 విధానం విలువ కూడా అక్కడే. ప్రభుత్వం "మీరేమిట్లు" అని అడిగేది కొనడానికే, మానేయడానికి కాదు, కనీసం కాగితం మీద. అదే పాలు, పచ్చళ్లు, హోటలు దగ్గరకు వస్తే సంగతి మారుతుంది. ఘన్‌శ్యామ్ షా, సుఖదేవ్ థోరట్ తదితరులు 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి 2006లో వెలువరించిన అధ్యయనంలో దాదాపు సగం గ్రామాల్లో దళితులు పాల సహకార సంఘాలకు పాలు పోయలేని స్థితి. గేదెకు కులం లేదు, పితికిన చేతికి ఉంది.

ఇక చేతిలో డబ్బు లేని మనిషి ఏం చేయాలి? మనిషి పేరు అడగని నమ్మకాన్ని ముందు పట్టుకోవాలంటాను. ఏడాదికి వంద రూపాయల రుసుముతో వచ్చే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రాథమిక రిజిస్ట్రేషన్, ఆ 14 అంకెల నంబరు, తయారైన తేదీ, బ్యాచ్ నంబరు, ఏ నూనె వాడారో పెద్ద అక్షరాల్లో. కథ కంటే ఇవి ముందు. చదవడానికి నీరసంగా ఉంటాయి గానీ, ఆధునిక రాజ్యం కులం స్థానంలో పెట్టిన హామీలు ఇవే. పిన్ని ఒక నోటుబుక్కులో ఏ బ్యాచ్ ఎవరికి వెళ్లిందో రాసుకుంటుంది. వంద గ్రాముల చిన్న డబ్బాలు పెట్టింది, మొదటిసారి కొనేవాళ్లు తక్కువ డబ్బుతో రుచి చూస్తారని. బూజు పట్టిందని ఎవరన్నా అంటే మారు మాట్లాడకుండా కొత్త డబ్బా ఇస్తుంది. ఇవన్నీ ఏ కులంవాళ్లయినా చేయాల్సినవే. తేడా ఏమిటంటే, కొందరు ఇవేవీ చేయకపోయినా నడుస్తుంది. ఈమె అన్నీ చేసినా, ఒక్క ఫొటో దగ్గర ఆగిపోవచ్చు.

ఆమె వ్యాపారాన్ని నిలబెట్టింది మనవాళ్లే. నర్సులు, టీచర్లు, ఉద్యోగ సంఘాలవాళ్లు. ఇక్కడ మన గురించి కూడా ఒక చేదు మాట చెప్పాలి. ఒక సంఘం సభకు ఆమె జాడీలు తీసుకెళ్తే గంటలో అయిపోయాయి. వాటిలో ఉప్పు ఎక్కువైంది. ఆ సంగతి నాకు నలుగురు చెప్పారు, ఆమెకు ఒక్కరూ చెప్పలేదు. మనావిడ కదా, ఏం బాధపెడతాంలే అన్నారు. మళ్లీ కొన్నారా? లేదు. అపార్ట్‌మెంటువాళ్లు ఏ మాటా చెప్పకుండా మానేశారు, మనవాళ్లూ ఏ మాటా చెప్పకుండానే మానేశారు. కారణాలు ఎంత వేరైనా నోటుబుక్కులో రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఉద్యమం మీద ప్రేమతో ఒకసారి కొనడం చందా. ఉప్పెక్కువైందని తిట్టి, డబ్బా మార్చుకుని, వచ్చే నెల మళ్లీ కొనడం వ్యాపారం. చందా ఇచ్చేవాళ్లు ఏప్రిల్ 14న చాలామంది దొరుకుతారు. ఆమెకు జూన్‌లో, ఆగస్టులో తిట్టేవాళ్లు కావాలి.

యూనివర్సిటీల్లో ఉన్నవాళ్లం దీన్ని సెమినార్ పేపరుగా మార్చేసి ఊరుకోవడం సులువు. దానికంటే దగ్గరలో ఒక చోటుంది. మన హాస్టల్ మెస్సులు ప్రతి నెలా పచ్చళ్లు, పొడులు, అప్పడాలు, పాలు కొంటాయి. అంత పెద్ద, అంత నిలకడైన కొనుగోలుదారు చిన్న బ్రాండ్‌కు దొరకడం కష్టం. ఎవరి దగ్గర కొంటున్నారు, టెండరులో చిన్నవాళ్లు కట్టలేనంత ధరావతు ఎందుకు పెట్టారు, చెల్లింపు ఎన్ని నెలలు ఆపుతున్నారు, రుచి చూసి ఎంపిక చేసేటప్పుడు జాడీల మీద పేర్లు కప్పుతున్నారా లేదా? మెస్ కమిటీల్లో విద్యార్థి ప్రతినిధులు ఉంటారు. వచ్చే సమావేశంలో అడగడానికి ఈ నాలుగు ప్రశ్నలు చాలు.