వినిపించే గ్రంథాలయం

గ్రంథాలయంలో అడుగుపెట్టిన వారికి పుస్తకాల కంటె ముందుగా కనబడేది ‘నిశ్శబ్దం పాటించండి’ అన్న పలక. ఆ పలక అవసరమైనదే. చదువుకొనేవారి ఏకాగ్రతను కాపాడడం గ్రంథాలయ ధర్మం. అయితే ఆ పలకను చూసి చూసి, గ్రంథాలయానికీ ధ్వనికీ పొత్తు కుదరదనే అభిప్రాయం మనలో స్థిరపడిపోయింది. ఇది సరియైన అభిప్రాయం కాదు. తెలుగు సాహిత్యంలో చాలా భాగం చెవితో వినడానికి పుట్టింది. వినవలసిన దానిని అచ్చువేసి అలమరలో పెట్టి, భద్రపరచామని తృప్తిపడితే అది సగం పని మాత్రమే. మిగిలిన సగాన్ని కూడా పౌర గ్రంథాలయాలు చేపట్టాలి. ప్రతి గ్రంథాలయంలోనూ పఠన మందిరంతో పాటు చిన్నదైనా ఒక శ్రవణ మందిరం ఉండాలి.

మన పల్లెలలో భారత భాగవతాలు ప్రచారం పొందిన తీరును గమనించండి. ఒకరు పద్యాన్ని రాగయుక్తంగా చదివేవారు. మరొకరు అర్థం చెప్పేవారు. చుట్టూ కూర్చున్న వారిలో అక్షరం రానివారే ఎక్కువ. అయినా పోతన పద్యాలు వారికి కంఠస్థమై ఉండేవి. చదువురానివాడు కూడా సాహిత్యానికి పరాయివాడు కాకపోవడానికి కారణం చెవి. మన గ్రంథాలయోద్యమం ఈ సంగతిని మరువలేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం ఏర్పడింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనానికి పునాది పడింది. ఆనాటి కార్యకర్తలు పుస్తకాలు సేకరించి ఊరుకోలేదు. అక్షరాస్యులు కాని వారికి పత్రికలు చదివి వినిపించారు. హరికథలు ఏర్పాటు చేశారు. 1935లో పడవలో పుస్తకాలు పెట్టి కృష్ణా కాలువల వెంట ఊరూరా తిప్పారు. జనం గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే జనం వద్దకు పోవాలన్నది వారి పట్టుదల. అటువంటి ఉద్యమానికి వారసులమైన మనం, గ్రంథాలయమంటే నోరు మూసుకొని కూర్చొనే చోటు అనుకోవడం విచిత్రం.

అచ్చులో ఏమి పోతుందో తెలుసుకోవాలంటే ఒక బుర్రకథ పుస్తకం తెరచి చూడండి. కథ ఉంటుంది, పాట ఉంటుంది, వంతల మాటలూ ఉంటాయి. కాని కథకుడి తంబుర మీటు, అతని చేతి అందెల మోత, డక్కీల దరువు పుటలోకి రావు. వీరరసం వచ్చినప్పుడు దరువు ఎక్కడ వడి పెంచుకొంటుందో, హాస్యపు వంత ఎక్కడ కథకుడి మాటకు అడ్డు తగులుతాడో, ఆ అడ్డు తగలడంలో ఎంత విరామం ఉంటుందో అక్షరం చెప్పలేదు. పద్యనాటకాల సంగతి కూడా అంతే. ‘పాండవోద్యోగ విజయాలు’ పద్యాలు గ్రామఫోను పలకల మీద ఇంటింటా మ్రోగాయి. అయితే పది అంగుళాల పలకలో ఒకవైపు సుమారు మూడు నిమిషాలు మాత్రమే ఇమిడేవి. రంగస్థలం మీద నటుడు ఇష్టం వచ్చినంతసేపు సాగదీసిన రాగం పలక మీద కుదించుకోక తప్పలేదు. ఆ కుదింపు వల్ల కొందరి గానానికి మేలే జరిగిందని నా అభిప్రాయం.

ఈ ధ్వనిని కేవలం నిలవ చేయడమే కాక, వినేవాడి చుట్టూ తిరిగి నిలబెట్టడం కూడా సాధ్యమే. ఇందుకు ఒక ఉదాహరణ లండన్ నగరంలో ఉంది. 1999లో జానెట్ కార్డిఫ్ అనే కెనడా కళాకారిణి అక్కడి వైట్‌చాపెల్ గ్రంథాలయాన్ని ఆధారం చేసుకొని ‘ది మిస్సింగ్ వాయిస్’ అనే శ్రవణ రచనను రూపొందించింది. పాఠకుడు గ్రంథాలయంలో ఒక చిన్న సీడీ యంత్రాన్ని తీసుకొని హెడ్‌ఫోన్ తగిలించుకొంటాడు. ఒక స్త్రీ గొంతు అతనిని ముందుగా అపరాధ పరిశోధక నవలల అలమర వద్దకు నడిపిస్తుంది. ఆ తరువాత గ్రంథాలయం దాటించి తూర్పు లండన్ వీధుల గుండా లివర్‌పూల్ స్ట్రీట్ రైల్వే స్టేషన్ వరకు తీసుకుపోతుంది. ధ్వనిముద్రణ అదే దారిలో నడుస్తూ చేసినది కనుక, వెనుక వినిపించే అడుగుల చప్పుడు యంత్రంలోనిదో నిజంగా ఎవరైనా వస్తున్నారో వినేవాడికి తెలియదు. ఆ గ్రంథాలయం 2005లో మూతపడింది. 2009లో ఆ భవనం పక్కనున్న చిత్రశాలలో కలిసిపోయింది. అలమరలు పోయినా ఆ గొంతు మాత్రం మిగిలింది.

ఇందులోని కిటుకు మన రెండు చెవులలోనే ఉంది. కుడివైపు నుండి వచ్చే ధ్వని కుడి చెవిని ముందు చేరి, ఎడమ చెవిని కొంచెం ఆలస్యంగా, కొంచెం మెల్లగా చేరుతుంది. ఆ ఆలస్యం సెకనులో వెయ్యోవంతు కూడా ఉండదు. అయినా మెదడు దానిని బట్టి ధ్వని ఎటునుండి వస్తున్నదో పోల్చుకొంటుంది. మనిషి తల ఆకారంలో చేసిన బొమ్మకు చెవుల స్థానంలో రెండు మైకులు అమర్చి ధ్వనిని గ్రహిస్తే ఈ తేడా యథాతథంగా నిలుస్తుంది. హెడ్‌ఫోన్‌లో వినేవాడు ఆ బొమ్మ ఉన్నచోట తాను కూర్చున్నట్లే భావిస్తాడు. ఈ పద్ధతి బుర్రకథకు ఎంత చక్కగా సరిపోతుందో ఊహించండి. నడుమ కథకుడు, ఇరువైపులా వంతలు. ఒకే మైకుతో పట్టినప్పుడు ముగ్గురి గొంతులూ ఒకచోటి నుండే వస్తాయి. రెండు చెవుల పద్ధతిలో పడితే డక్కీలు కుడి ఎడమల విడివిడిగా పలుకుతాయి. విద్యార్థి శాఖా గ్రంథాలయంలోని కుర్చీలో ఉండి, పందిరి కింద ముందు వరుసలో కూర్చున్నవాడవుతాడు.

అయితే ధ్వని పేరుతో గ్రంథాలయాన్ని గోలచేయడానికి నేను ఒప్పుకోను. పోటీ పరీక్షలకు చదువుకొనే యువకులు ఎందరో మన గ్రంథాలయాలనే నమ్ముకొని ఉన్నారు. ఇంట్లో దొరకని నిశ్శబ్దం వారికి అక్కడ దొరుకుతున్నది. వారి తలమీద వీణానాదమో పక్షుల కిలకిలలో గుమ్మరించే లౌడ్‌స్పీకరు కంటె మౌనమే మేలు. వినగోరినవాడి చెవికి మాత్రమే ధ్వని చేరాలి. ఇదే శ్రవణ మందిర నిర్మాణానికి మొదటి నియమం. హెల్సింకీలో 2018లో ప్రారంభమైన ఓడీ గ్రంథాలయంలో రెండవ అంతస్తులో సంగీత ధ్వనిముద్రణ గదులున్నాయి. పుస్తకాలూ ప్రశాంతమైన చదువూ మూడవ అంతస్తులో ఉన్నాయి. మనకు అంత భవనం అక్కరలేదు. నున్నని గోడలు, గచ్చునేల ధ్వనిని తిప్పికొడతాయి. మందపాటి తెరలు, కొబ్బరి పీచు చాపలు, నిండుగా ఉన్న పుస్తకాల అలమరలు దానిని పీల్చుకొంటాయి. ఒక మూల ఇవి అమర్చి, నాలుగు కుర్చీలు, నాలుగు మంచి హెడ్‌ఫోన్లు ఉంచితే పని మొదలుపెట్టవచ్చు.

ఈ మందిరం మీద అందరి కంటె ముందు హక్కు ఉన్నది చూపులేని పాఠకులకు. వారికోసం పుస్తకాలను అందుబాటు రూపాలలోకి మార్చడానికి మన కాపీరైటు చట్టం 2012లోనే సవరణ ద్వారా అనుమతి ఇచ్చింది. ఇదే ఆశయంతో 2013లో కుదిరిన మరాకష్ ఒడంబడికను 2014లో అన్ని దేశాల కంటె ముందుగా ఆమోదించినది భారతదేశమే. ఇక చట్టం అడ్డు లేదు, చేసేవారు కావాలి. యంత్రమే చదివి వినిపిస్తున్నది కదా అని కొందరు అంటారు. వచనాన్ని యంత్రం ఒక మేరకు చదవగలదు. కాని పద్యంలో పాదం ముగిసిన చోట మాట ముగియదు. ఎక్కడ విరవాలో, ఎక్కడ కలపాలో, సమాసాన్ని ఒక్క ఊపిరిలో ఎలా పలకాలో తెలిసిన మనిషి గొంతు ఇప్పటికీ అవసరమే.

పైగా కాలం ఆగదు. బుర్రకథకు మారుపేరైన షేక్ నాజర్ 1997లో, ఒగ్గుకథకు పేరుతెచ్చిన చుక్క సత్తయ్య 2017లో కన్నుమూశారు. వారు ప్రసిద్ధులు కనుక వారి గొంతులు కొన్నిచోట్లయినా నిలిచాయి. ఊరి పేరు దాటి ఎవరికీ తెలియని కథకుడి గతి ఏమిటి? నాట్లపాటలు పాడే ముసలమ్మ పలుకుబడి ఏమవుతుంది? బ్రిటిష్ ప్రభుత్వం భాషా పరిశీలన కోసం 1920ల దశకంలో మద్రాసు రాజధాని భాషలను గ్రామఫోను పలకలకు ఎక్కించింది. పరాయి పాలకులు తమ అవసరం కొద్దీ చేసిన పని మన గ్రంథాలయాలు ప్రేమతో చేయలేవా? ప్రతి శాఖా గ్రంథాలయం తన చుట్టుపక్కల ఊళ్ల గొంతులను ఏడాదికి పది చొప్పున సేకరించినా, కొన్నేళ్లలో జిల్లా జిల్లాకూ ఒక ధ్వని భాండాగారం ఏర్పడుతుంది. జూనియర్ కళాశాల విద్యార్థులు ఈ పనికి ఎంతో తగినవారు. చేతిలో ఫోను ఉంది, ఇంట్లో తాత, నాయనమ్మ ఉన్నారు.

కాని నియమం లేని సేకరణ చెత్తకుప్ప అవుతుంది. పుస్తకానికి వరుస సంఖ్య ఉన్నట్లే ప్రతి ధ్వనిముద్రణకూ ఉండాలి. ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ తేదీ, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకొన్నారు అన్న వివరాలు అదేరోజు వ్రాయాలి. పాడినవారి సమ్మతి ముందుగా తీసుకోవాలి. ముద్రణ పూర్తికాగానే దానిని మొదట వారికే వినిపించాలి. వద్దన్న భాగాన్ని వారి ఎదుటనే తీసివేయాలి.